గోడ పైభాగం

పత్రిక ముఖచిత్రానికి ఒక గది ఫొటో కావాలన్నప్పుడు ఆఫీసు నుంచి వచ్చే మొదటి సూచన దాదాపు ఎప్పుడూ ఒకటే. నిలువుగా తీయండి, పైన మూడో వంతు ఖాళీగా ఉంచండి. పత్రిక పేరు పడేది అక్కడే. దాని కింద ఏదో ఒక పక్క లోపలి వ్యాసాల శీర్షికలు రావాలి కాబట్టి గోడ మీద బొమ్మ గానీ గీత గానీ అడ్డు ఉండకూడదు. ఈ కోరికలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అక్షరాలు హాయిగా చదవగలగాలంటే వెనక సాదా రంగు ఉండాల్సిందే.

అయితే మన ఇళ్ళలో గోడ పైభాగం ఖాళీగా ఉండదు. నిజామాబాద్‌లో గానీ బోధన్‌లో గానీ ఏ ఇంటి ముందరర్రలో అడుగుపెట్టి తలెత్తినా పెద్దల పటాలు కనిపిస్తాయి. దూలం కిందనో, స్లాబుకు మూరెడు దిగువనో, అడుగున రెండు మేకులకు ఆనించి పైన తాడు కట్టి, చూసేవాళ్ళ వైపు కాస్త వంగేటట్టు వేలాడదీస్తారు. తాత, నాయనమ్మ, చిన్న వయసులోనే పోయిన కాక. గంధపు పొరల దండ, ఎర్ర జీరో బల్బు. పక్కనే యాదగిరి నర్సన్నో, మక్కా మదీనా చిత్రమో. పత్రిక తన పేరు కోసం అడిగే చోటు, ఇంటివాళ్ళు పోయినవాళ్ళకు ఇచ్చిన చోటు ఒకటే.

ఇళ్ళ లోపలి ఫొటోలు తీయడం నా వృత్తి. పత్రికలకు, ఆర్కిటెక్టులకు, బిల్డర్ల కరపత్రాలకు తీస్తాను. ఈ పనిలో కెమెరా పట్టుకునే సమయం తక్కువ, గది సర్దే సమయం ఎక్కువ. ఏది ఉంచాలి, ఏది తీయించాలి అన్న దాని మీదే ఫొటో ఆధారపడుతుంది. అందుకే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది లెన్సు కాదు. ఒకరి ఇంట్లోంచి ఒక వస్తువును పక్కకు జరపమని చెప్పే హక్కు ఎవరిది అన్న ప్రశ్న.

ఒకసారి నిజామాబాద్ పాతబస్తీలో ఒక పాత భవంతి ఇల్లు తీస్తున్నాం. మధ్యలో ఆకాశం కనిపించే భవంతి, చుట్టూ చెక్క మొగురాలు, అరిగి నున్నబడ్డ గచ్చు. పటాలు దించవచ్చా అని ఇంటి పెద్దావిడను అడిగాను. ఫొటో కాగానే ఎక్కడివక్కడ పెట్టేస్తామన్నాను. ఆమె కోపపడలేదు. "దించుండ్రి బిడ్డా, గని చెప్పకుంట ఎట్ల దించుతరు?" అంది. ఊదుబత్తి ముట్టించి, పటాల ముందు నిలబడి, మామూలుగా మాట్లాడే గొంతుతోనే చెప్పింది. "మామా, గీ పిల్లగాండ్లు ఫొటో దింపుతరట. జరసేపు లోపలర్రల కూసోండ్రి." తర్వాత కొడుకు చేత ఒక్కొక్క పటమే దింపించి, మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, ముఖాలు పైకి ఉండేటట్టు పడుకోబెట్టింది. ఆ తర్వాతే గోడ నా చేతికి వచ్చింది.

ఆ రోజు నుంచి నాకొక నియమం ఏర్పడింది. ఇంటివాళ్ళు తమంతట తాము తీసేసే వస్తువులను మళ్ళీ పెట్టమని నేను అడగను. వాళ్ళు ఉంచుకున్నవాటిని తీయమనాల్సి వస్తే కారణం చెప్పి అడుగుతాను, వద్దంటే ఆగిపోతాను. ఇల్లు సర్దడం మనకు పత్రికలు నేర్పింది కాదు. పెళ్ళిచూపులకు సర్దుతాం, పండుగకు సున్నం వేస్తాం, వియ్యంకులు వస్తున్నారంటే దండెం మీది బట్టలన్నీ సందూకలోకి పోతాయి. చుట్టాల ముందు ఇల్లు శుభ్రంగా కనిపించాలనుకోవడంలో అబద్ధం లేదు. అది వచ్చేవాళ్ళకు ఇచ్చే మర్యాద. కెమెరా కోసం సర్దడం కూడా అందులో భాగమే అనుకుంటాను, ఆ సర్దుబాటు ఇంటివాళ్ళ చేతుల్లో ఉన్నంతసేపు.

మా జిల్లా ఇళ్ళలో ఈ ప్రశ్నను అన్నిటికంటే గట్టిగా ముందుకు తెచ్చేది బీడీల చాట. నిజామాబాద్ నుంచి కరీంనగర్ దాకా ఈ ఉత్తర తెలంగాణలో ఎన్నో ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఇంట్లోనే కూర్చుని బీడీలు చుడతారు. తునికాకు రాత్రే తడిపి తడిబట్టలో చుట్టి పెడతారు. పొద్దున రేకు పెట్టి కత్తెరతో ఆకులు కత్తిరించి, చాట ఒళ్ళో పెట్టుకుని, తంబాకు వేసి చుట్టి, మూతి మలిచి, దారం కడతారు. సాయంత్రానికి కట్టలు లెక్కగట్టి కార్ఖానాకు ఇచ్చి వస్తారు. ఇంటి ఖర్చులో, పిల్లల చదువులో, ఆడపిల్ల పెళ్ళిలో ఆ చాట వాటా ఉంటుంది. గచ్చు పోయి టైల్స్ వచ్చినా, కొత్త సోఫా కొన్నా అందులోనూ ఉంటుంది. తీరా ఫొటో అనగానే అన్నిటికంటే ముందు మంచం కిందికి పోయేది కూడా అదే.

వాళ్ళ దగ్గర నేను నేర్చుకున్న విద్య ఒకటి ఉంది. ఇంట్లో వెలుగు ఎక్కడ బాగుంటుందో వాళ్ళకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆకు ఈనె కనిపించాలి, దారం కనిపించాలి, కళ్ళు గుంజకూడదు. కాబట్టి పొద్దున అరుగు మీద కూర్చుంటారు. ఎండ ముఖాన కొట్టేసరికి గడప లోపలికి జరుగుతారు. మధ్యాహ్నం భవంతిలో, ఎండకు నీడకు మధ్య ఉండే ఆ మెత్తని వెలుగులో ఉంటారు. పొద్దు వాలాక పడమటి దర్వాజ దగ్గర చేరతారు. ఏ ఇంటికి వెళ్ళినా నేను ముందు అడిగేది, "అక్కా, మీరు బీడీలు చేసుకుంట ఏ టైముకు ఏడ కూసుంటరు?" అని. ఆమె చూపించిన చోట స్టాండు వేస్తే ఆ రోజు దీపాల అవసరం పెద్దగా ఉండదు. అంత వెలుగును చూపించిన మనిషిని, ఆమె పనిని ఆ వెలుగులోంచి లేపి, ఖాళీ కుర్చీ ఒకటి వేసి ఫొటో తీయడం నాకు చాలాసార్లు కష్టమనిపిస్తుంది.

అలాగని ప్రతి ఇంటావిడా చాటను ఫొటోలో ఉంచుకోవాలనుకోదు. కూతురికి సంబంధాలు చూస్తున్నాం, ఇది కనపడొద్దు అని చెప్పినవాళ్ళున్నారు. ఆ మాటకు నేను తల ఒగ్గుతాను. పనిని చూపించి గౌరవిస్తున్నానని నేను అనుకోవచ్చు. చూపించవద్దని అనుకునే స్వేచ్ఛ ఆమెది. ఆమె ఒద్దన్నందుకు తీయడం ఒకటి, చాట ఉంటే పేజీకి పేదరికం వస్తుందని పత్రికవాళ్ళు అన్నందుకు తీయించడం ఇంకొకటి. రెంటికీ ఫొటో ఒకేలా వస్తుంది, అది తెలుసు. కానీ ఆ ఇంటి గడప దాటి బయటికి వచ్చేటప్పుడు నా మనసు ఒకేలా ఉండదు.

మన ప్రాంతంలో ఇంటి లోపలి ఫొటోకు చరిత్ర వెతికితే అది అంతఃపురాల్లో మొదలవుతుంది. లాలా దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టారు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఫలక్‌నుమా లోపలి హాళ్ళు, మెట్లు, షాండిలియర్లు ఆయన గాజు పలకల మీద ఉన్నాయి. 101 మంది ఒకేసారి కూర్చుని తినగల భోజనాల బల్ల ఉన్న మహలు అది. ఆ చిత్రాల్లో గోడలు నిటారుగా, గీత గీసినట్టు నిలబడతాయి. ఆ కాలపు బెల్లోస్ కెమెరాలో లెన్సును పైకీ కిందికీ జరిపే ఏర్పాటు ఉండేది. కెమెరాను వంచకుండానే ఎత్తైన కప్పును పలకలోకి తేవచ్చు. ఇవాళ మేం ఖరీదైన టిల్ట్ షిఫ్ట్ లెన్సుతో చేసేది అదే పని.

అలాంటి గదుల చిత్రాల్లో మనుషులు అరుదు. దానికొక కారణం సాంకేతికమే. లోపలి వెలుగుకు పలకను చాలాసేపు తెరిచి ఉంచాలి, కదిలిన మనిషి మసకలా పడతాడు. కుర్చీ కదలదు, షాండిలియర్ కదలదు. అవసరం కొద్దీ వచ్చిన ఆ ఖాళీయే తర్వాత హుందాతనానికి గుర్తు అయింది. ఇప్పుడు కెమెరా రెప్పపాటులో తీయగలదు. అయినా గదులు ఖాళీగానే ఉంటున్నాయి.

దీన్ దయాళ్ చేసిన మరో పని నాకు ఇంకా దగ్గరిది. 1892లో ఆయన హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీల కోసం పెట్టిన ఆ స్టూడియోలో ఫొటోలు తీసింది కూడా స్త్రీయే, ఒక ఆంగ్ల మహిళ. కెమెరా ఎంత గొప్పదైనా ఇంటి లోపలి అర్ర దాకా దానికి దానంతట అదే దారి దొరకదన్న సంగతి ఆయనకు తెలుసు. బోధన్‌లో కొన్ని ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఆ సంగతి నాకూ రోజూ పనికొస్తుంది. నాతో పనిచేసే అమ్మాయి ముందు లోపలికి వెళుతుంది, వంటింటి దాకా వెళ్ళి మాట్లాడుతుంది, ఏ అర్ర తీయవచ్చో ఏది వద్దో కనుక్కుని వస్తుంది. కొన్ని వంటిళ్ళను ఆమే తీస్తుంది. ఆ ఫొటోల్లో కనిపించే చనువు నాకు ఎప్పటికీ రాదు.

మా జిల్లాలో అంతఃపురాలు లేవు గానీ దొరల గడీలు ఉన్నాయి. సిర్నాపల్లి గడీ ఉంది. 2016లో జిల్లాలు విడిపోయేదాకా దోమకొండ కోట కూడా మా జిల్లాదే, ఇప్పుడు కామారెడ్డిలోకి వెళ్ళింది. దోమకొండ కోటను శ్రద్ధగా బాగుచేశారు. దానికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గుర్తింపు దక్కింది. చెక్క స్తంభాలు, సున్నపు నగిషీలు చూసి కెమెరా ఎత్తని ఫొటోగ్రాఫర్ ఉండడు. నాకు మాత్రం ఏ గడీలో నిలబడినా బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' గుర్తుకొస్తుంది. గడీ లోపలి జీవితాన్ని ఊడ్చే చేతుల వైపు నుంచి చూపించిన సినిమా అది. దానికి కళాదర్శకత్వం చేసిన చిత్రకారుడు తోట వైకుంఠంకు జాతీయ పురస్కారం వచ్చింది. నున్నగా మెరిసే నేలను ఫొటో తీస్తున్నప్పుడు ఆ నేలను ఎవరు మెరిపించారో కూడా ఫొటోలో ఎక్కడో అక్కడ ఉండాలన్న పట్టుదల నాకు ఆ సినిమా వల్లే వచ్చింది. చీపురు మూలన ఆనించి ఉంటే నేను దాన్ని తీయించను.

బయటి దేశాల్లో ఈ పని చేసినవాళ్ళలో పారిస్‌కు చెందిన యూజీన్ అట్జే అంటే నాకు చాలా ఇష్టం. 1910 ప్రాంతంలో ఆయన పారిస్ ఇళ్ళ లోపలి దృశ్యాలతో 60 ఫొటోల ఆల్బమ్ చేశారు. ఒక కార్మికుడి గది, ఒక నటి గది, ఒక వ్యాపారి గది. మనుషులు లేరు, వాళ్ళ వస్తువులున్నాయి. పక్క మీది మడతలు, అద్దం అంచున గుచ్చిన కాగితాలు, పొయ్యి గట్టు మీది బొమ్మలు. వాటిలో కొన్ని గదులు ఆయన సొంత ఇంటివేనని, వేరేవాళ్ళవిగా పేరు పెట్టారని తర్వాత పరిశోధకులు తేల్చారు. అయినా ఆ ఫొటోలు మనతో మాట్లాడతాయి. ఎందుకంటే ఏ గదినీ ఆయన ఖాళీ చేయలేదు. ఇక ఆధునిక గృహాల ఫొటోల్లో ప్రపంచమంతా చూసిన ఒకటి 1960లో లాస్ ఏంజిలిస్‌లో జూలియస్ షుల్మన్ తీసింది. కొండ అంచున గాజు గోడల గది, కింద పరుచుకున్న నగరం దీపాలు. ఆ గదిలో ఇద్దరు అమ్మాయిలు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఇల్లమ్మేవాళ్ళు తరతరాలుగా ఆ ఫొటోను ఆదర్శంగా పెట్టుకున్నారు, అందులోని అమ్మాయిలను మాత్రం వదిలేశారు.

అమ్మే ఫొటో గురించి కాస్త గట్టిగానే మాట్లాడాలి. నిజామాబాద్ చుట్టూ అపార్ట్‌మెంట్లు పెరిగాక బిల్డర్ల పని ఎక్కువైంది. పది అడుగుల అర్రను హాలులా చూపించడం చాలా తేలిక. 14, 16 ఎంఎం లెన్సు పెట్టి, మూలకు వీపు ఆనించి, నడుము ఎత్తులో కెమెరా నిలిపితే ఎదుటి గోడ దూరం జరిగిపోతుంది. దగ్గర ఉన్న సోఫా సాగిపోతుంది, కిటికీ చిన్నదై ఎక్కడో కనిపిస్తుంది. ఆ ఫొటో చూసి జీవితకాలం కూడబెట్టిన డబ్బు పట్టుకుని వచ్చే మనిషి రిటైరైన టీచరో, మస్కట్‌లో మేస్త్రీ పని చేసే తమ్ముడో అయి ఉంటాడు. అమ్మకానికి తీసే గదులకు నేను 24 ఎంఎం కంటే వెడల్పు లెన్సు వాడను. గది పట్టకపోతే గుమ్మం బయట నిలబడి తీస్తాను, దర్వాజ చెక్క కూడా ఫొటోలో పడుతుంది, చూసేవాళ్ళకు కొలత అందుతుంది. దీనివల్ల కొన్ని పనులు పోతాయి. పోనీ.

చట్టం కూడా ఈ విషయంలో నోరు మూసుకుని లేదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టంలో 12వ సెక్షన్ ఉంది. ప్రకటనలోనో కరపత్రంలోనో ఉన్న అబద్ధపు మాటను నమ్మి, లేదా నమూనా ఫ్లాటును చూసి, డబ్బు కట్టి నష్టపోయినవాళ్ళకు బిల్డరు పరిహారం ఇవ్వాలి. కొనుగోలుదారు వద్దనుకుంటే కట్టిన సొమ్మంతా వడ్డీతో వాపసు ఇవ్వాలి. నమూనా ఫ్లాటులో మంచం ఆరడుగుల కంటే పొట్టిది వేయించి గది పెద్దదిగా కనిపించేటట్టు చేయవచ్చు. తలుపులు బిగించకుండా ఉంచి దారి వెడల్పుగా చూపించవచ్చు. ఇవన్నీ ఫొటోకు ముందే జరిగే పనులు. కొనేవాళ్ళు ఫొటో చూసి మురిసిపోయే ముందు టేపు పట్టుకుని వెళ్ళాలని నేను అందరికీ చెబుతాను. అలా చెప్పడం నా వృత్తికి నష్టమని అనుకోను.

గల్ఫ్ ఇళ్ళ సంగతి వేరు. ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్, బోధన్ ప్రాంతాల నుంచి దుబాయికి, సౌదీకి, కువైట్‌కు పోయినవాళ్ళు కట్టించిన ఇళ్ళు ఊరూరా ఉన్నాయి. రెండంతస్తులు, పీఓపీ సీలింగ్, మెట్లకు స్టీలు కడ్డీలు. ఇల్లు కట్టించిన మనిషి ఆ ఇంట్లో ఉండేది రెండేళ్ళకోసారి వచ్చే సెలవు రోజుల్లోనే. అతనికి ఆ ఇల్లు ఫోనులో ఉంటుంది. ఆర్మూర్ దగ్గరి ఊళ్ళో అలాంటి ఇంటికి ఇంటీరియర్ చేసిన మనిషి తన పని చూపించుకోవడానికి నా చేత ఫొటోలు తీయించుకున్నాడు. టీవీ గోడ, సీలింగు దీపాలు, అంతా పద్ధతిగా వచ్చింది. ఇంటావిడ వాటిని అప్పటికప్పుడే భర్తకు పంపింది. క్షణంలో ఫోన్ వచ్చింది. బాగున్నదని అన్నాక అతను అడిగిన మొదటి మాట, "అమ్మ మంచం ఏడికి పోయింది?"

మంచం ఎక్కడికీ పోలేదు. నవారు మంచం, రంగు వెలిసిన బొంత, తలాపున మందుల డబ్బా, ముసలమ్మ చేతికర్ర. ఫొటో కోసం పక్కర్రలోకి మార్చారు, ముసలమ్మ కూడా అక్కడే కూర్చుని ఉంది. మంచాన్ని హాల్లోకి తెచ్చి, ఆమెను కూర్చోబెట్టి, అదే లెన్సుతో, అదే కోణంలో మళ్ళీ తీశాను. ఇంటీరియర్ చేసిన మనిషికి మొదటి ఫొటో కావాలి, అది న్యాయమే, అతను అమ్మేది తన చేతి పని. రియాద్‌లో ఎనిమిది మంది ఒక గదిలో పడుకునే కొడుక్కి రెండోది కావాలి. కొనబోయేవాడు తనను తాను ఊహించుకోవడానికి ఖాళీ గది కావాలి. దూరాన ఉన్నవాడికి ఆ గదిలో ఎవరెవరు ఉన్నారో తెలియాలి. మా పట్టణాల్లో ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను నేర్పాలనుకునేది ఈ తేడానే. ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్స్ యూట్యూబ్‌లో వస్తాయి.

వైట్ బ్యాలెన్స్ అన్నాను కాబట్టి ఒక మాట. పసుపు పండే జిల్లా మాది, 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు కూడా నిజామాబాద్‌కే వచ్చింది. గడపకు పసుపు రాయడం ఇక్కడ చాలా ఇళ్ళ అలవాటు. గది రంగును సరిచేయబోయి నీలం వైపు జరిపితే ఆ పసుపు బూడిదరంగులోకి దిగిపోతుంది. నేను ముందు గడపను సరిగ్గా రప్పించుకుని మిగతా గదిని దానికి సర్దుతాను. గోడ తెల్లదనం కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు.

గోడల మీద ఇంకొకటి కూడా ఉంటుంది, రాత. పాల లెక్క బొగ్గుతో గీసిన గీతలు, గ్యాసు బండ మార్చిన తేదీ, పెన్సిలుతో ఫోన్ నంబర్లు, దర్వాజ చెక్కకు పిల్లల ఎత్తు గుర్తులు. కంప్యూటర్లో ఒక్క వేలితో అన్నీ తుడిచేయవచ్చు, తుడవమని అడుగుతారు కూడా. ఫోన్ నంబర్లను తుడుస్తాను, అవి ఎవరివో పరాయివాళ్ళ కంట పడకూడదు. మిగతావాటి దగ్గర నా చేయి ఆగుతుంది. నిజామాబాద్‌లోని ఇందూరు ఖిల్లాలో నిజాం కాలపు జైలు ఉండేది. కవి దాశరథి కృష్ణమాచార్యను అక్కడ బంధించినప్పుడు ఆయన బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. జైలువాళ్ళు చెరిపేశారు, ఆయన మళ్ళీ రాశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి వాటిని కంఠతా పట్టారు. ఆ రాతకు ఫొటో ఉన్నట్టు నాకు తెలియదు. ఒక మనిషి జ్ఞాపకశక్తి వల్ల మాట మిగిలింది గానీ, ఆ బొగ్గు రాత ఎలా ఉండేదో, ఏ ఎత్తులో ఉండేదో, పక్కన కిటికీ ఉండేదో లేదో మనం చూడలేం. పాల లెక్కకూ పద్యానికీ పోలిక లేదు, నిజమే. కానీ గోడను శుభ్రం చేసే మీట నొక్కే ముందు ఆ జైలు గోడ నాకు గుర్తుకు రాకుండా ఉండదు.

బోధన్‌లో శక్కర్‌నగర్ గురించి చెప్పకుండా ఈ మాట పూర్తి కాదు. 1923 నుంచి 1931 దాకా మంజీర మీద నిజాంసాగర్ కట్టారు, అలీ నవాజ్ జంగ్ ఇంజనీరు. కాలువ నీళ్ళతో చెరుకు వచ్చింది. చెరుకు కోసం 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఫ్యాక్టరీతో పాటు శక్కర్‌నగర్ కాలనీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లు అని దాన్ని చెప్పుకునేవాళ్ళు. క్రషింగ్ మొదలైందంటే మొలాసిస్ వాసన ఇళ్ళల్లోని పరదాలకు కూడా పట్టేదని అక్కడ బతికినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. మిల్లు ఆగింది.

ఆ కాలనీలో ఖాళీ అయిన క్వార్టరులో ఒకసారి కెమెరాతో నిలబడ్డాను. తెల్ల గోడ, పక్క కిటికీలోంచి ఏటవాలు వెలుగు, నేల మీద ఏమీ లేదు. పత్రిక ఆఫీసు అడిగే గది అచ్చంగా అదే. పైన మూడో వంతు ఖాళీ, శీర్షికలకు కావలసినంత చోటు, ఒక్క వస్తువూ జరపనక్కర్లేదు. తేడా అంతా గోడ పైభాగంలో ఉంది. పటాలు ఏళ్ళ తరబడి వేలాడిన చోట సున్నం రంగు మారలేదు, వాటి చుట్టూ మాత్రం పొగకు, దుమ్ముకు మాసిపోయింది. నాలుగు పలకల లేత గుర్తులు వరుసగా, ఒక్కో దాని అడుగున రెండేసి మేకులు. ఆ పటాలు ఇప్పుడు హైదరాబాద్‌లోనో, నిజామాబాద్‌లో అద్దె ఇంట్లోనో ఉండి ఉంటాయి. ఇంటివాళ్ళు ఉండగా గోడను ఖాళీ చేయించి అందమని పిలుస్తున్నాం. జీతం ఆగి, బతుకుదెరువు పోయి, మనుషులు వెళ్ళిపోతే మిగిలేది కూడా అదే గోడ. ఈ రెండు ఖాళీలనూ ఫొటోలో విడదీసి చూపించలేకపోతే నా పనికి అర్థం ఏముందని అక్కడే అనిపించింది.

మామూలు ఇళ్ళ లోపల ఎలా ఉండేదో కావాలని ఫొటో తీసినవాళ్ళు మన దగ్గర చాలా తక్కువ. వరంగల్‌కు చెందిన గుడిమల్ల భరత్ భూషణ్ లాంటివాళ్ళు పల్లె ఇళ్ళ గోడలను, తలుపులను పట్టుకోవడానికి బతుకంతా తిరిగారు. ఆయన 2022లో వెళ్ళిపోయారు. మిగిలినదంతా కుటుంబాల ఆల్బముల్లో ఉంది. మొదటి పుట్టినరోజు కేకు వెనక, సత్యనారాయణ వ్రతం పీటల వెనక, పెళ్ళికూతురిని చేసేటప్పుడు కూర్చోబెట్టిన చాప వెనక. మనం ముఖాలు చూసి పేజీ తిప్పేస్తాం. వెనకాల మర్ఫీ రేడియో ఉంటుంది, దిగూట్లో దీపం ఉంటుంది, మంచం కింద సగం కనిపించే చాట ఉంటుంది, క్యాలెండరులో తేదీ ఉంటుంది.

శక్కర్‌నగర్‌లో, బోధన్‌లో, నిజామాబాద్ పాతబస్తీలో బతికినవాళ్ళ పిల్లలు ఇప్పుడు ఆ ఆల్బములను ఫోనుతో స్కాన్ చేసి బంధువుల గ్రూపుల్లో పెడుతున్నారు. వాళ్ళకు ఒకే విన్నపం. స్కాన్ చేసే యాప్ ముఖాల చుట్టూ గీత గీసి, మిగతాది కత్తిరించమంటారా అని అడుగుతుంది. వద్దనండి. ఫొటో నాలుగు అంచులూ పూర్తిగా రానివ్వండి, పాత ఫొటోలకుండే తెల్ల అంచుతో సహా. వెనక పెన్నుతో రాసిన తేదీ ఉంటే అటు వైపు కూడా ఒకటి తీయండి. ఏ క్వార్టరు, ఏ గల్లీ, ఆ గదిలో కుర్చీ ఎవరిది, గోడ మీది పటం ఎవరిది అని ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఫొటో కిందనే రాసిపెట్టండి. అడగడానికి వాళ్ళు ఉన్నప్పుడే ఆ పని కావాలి.